వెనకాల వచ్చిన బస్సు

మా కుందుర్పి వైపు రోడ్డు మీద తారు ఒక బస్సు వెడల్పే ఉంటుంది. రెండు బండ్లు ఎదురుపడితే ఎవరో ఒకరు రెండు చక్రాలు మట్టిలోకి దించాలి. ఎవరు దించాలన్న దాని మీద చొక్కాలు చిరిగిన కొట్లాటలు నేను చూశాను. ఒకసారి ఇద్దరు డ్రైవర్లు బండ్లు ఎదురెదురుగా ఆపేసి, ఎవడూ తగ్గక, గంటసేపు బీడీలు కాల్చుకుంటూ కూర్చున్నారు. నేను మాత్రం దించేవాణ్ణి. ముప్పై ఏళ్లు కళ్యాణదుర్గం నుంచి ఆ రూట్లో బస్సు నడిపాను. ముప్పై ఏళ్లూ దించాను.

అది నా మంచితనమని ఎవరూ అనుకోవద్దు. నాకు బండి నేర్పిన పెద్ద డ్రైవరు పెట్టిన భయం. నేర్చుకుంటున్న మొదటి వారంలో వెనక ఒక జీపు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. నాది బస్సు, వాడిది జీపు, వాడే ఆగుతాడులే అని నేను పోనిచ్చాను. ఆయన నా వీపు మీద ఒక్కటి చరిచాడు.

"హారన్ కొట్టేటోనికి యేదో అర్జెంటు ఉంటాది. ఏమిటికని అడగొద్దు. ముందు సైడియ్యి."

ఆ జీపులో పాము కరిచిన మనిషి ఉన్నాడని సాయంత్రం తెలిసింది. బతికాడు. కానీ నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు. అప్పటి నుంచి హారన్ చెవిన పడితే చాలు, నా చేతులు వాటంతటవే స్టీరింగును ఎడమకు తిప్పేవి. కాలు బ్రేకు మీదికి పోయేది. కుడిచేయి కిటికీలోంచి బయటికి వచ్చి పో, పో అని ఊపేది. తలకాయతో పని లేకుండా జరిగిపోయేది అదంతా.

రిటైరయ్యాక బస్సు పోయింది గానీ ఆ జబ్బు పోలేదు. పొద్దున పాలవాడు వీధిలో మోటార్‌సైకిల్ హారన్ కొడితే నేను ఇంట్లో, వసారాలో, గోడకు ఒత్తుకుంటాను. పెళ్లి ఊరేగింపులో హారన్ కొడితే భోజనాల బంతిలో కూడా పక్కకు జరుగుతాను. మా ఇంటామె ఇది చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంది. "నిద్దర్లో గూడా సైడిస్తాడమ్మా. లారీ పోతే సాలు, మంచం పట్టెమీదికి పోతాడు. ఏదో ఒకనాడు కింద పడతాడు" అని. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాది పుట్టుకతో వచ్చింది కాదు, వీపు మీద దెబ్బతో వచ్చింది. అదీ పోయేట్టు లేదు.

పరుగు సంగతికి వస్తాను. ముప్పై ఏళ్లు కూర్చొని చేసే ఉద్యోగం కదా, రిటైరయ్యేనాటికి పొట్ట ముందుకు వచ్చింది, చక్కెర కూడా వచ్చింది. డాక్టరు నడవమన్నాడు. నాకు తెలిసిన దారి ఒకటే, నా రూటు. పొద్దున్నే లేచి ఊరి స్టేజి నుంచి పక్క ఊరి స్టేజి దాకా నడిచేవాణ్ణి. మైళ్లూ కిలోమీటర్లూ నాకు పట్టవు, స్టేజీలే లెక్క. కొన్నాళ్లకు రెండు స్టేజీలు, ఆ తర్వాత మూడు. ఒక రోజు ఒక కంకర మిల్లు దగ్గరి కుక్క వెంటపడితే పరిగెత్తాను. కుక్క ఆగిపోయింది, నేను ఆగలేదు. ఆగాల్సిన అవసరం కనిపించలేదు. అరవై ఒకటో ఏట నాకు పరిగెత్తడం వచ్చని తెలిసింది.

ఊళ్లవాళ్లు ఊరుకుంటారా? ఖాకీ ప్యాంటు వేసుకొని, కళ్యాణదుర్గంలో కొన్న తెల్ల బూట్లు తొడుక్కొని స్టేజి దాటుతుంటే, టీ అంగడి ముందు కూర్చున్నవాళ్లు లేచి చెయ్యెత్తేవాళ్లు. "డ్రైవరన్నా, ఆపన్నా, ఎక్కతాం." "సీటుండాదా అన్నా, నిలబడల్లా?" ఒక ముసలాయన ప్రతిరోజూ ఒకే మాట అడిగేవాడు. "ఏమప్పా, డిపోవాళ్లు బండి ఇయ్యలేదా?" మొదట్లో కోపం వచ్చేది. నాకు కోపం కొంచెం ఎక్కువే, ఆ రూట్లో ఎవరినడిగినా చెబుతారు. తర్వాత నేనూ "ఫుల్లు, ఎనకాల బండికి రాండి" అని పోయేవాణ్ణి. ఎండిన చేలు, అక్కడక్కడ చెనిక్కాయ, దూరాన గుట్ట మీద గాలిమరలు, ఎదురుగాలి. ముప్పై ఏళ్లు అద్దంలోంచి చూసిన దారిని కాళ్లతో చూడటం నాకు బాగా నచ్చింది. ఇంత సంతోషం ఈ వయసులో దొరుకుతుందని నేను అనుకోలేదు, ఉన్నమాట.

మా అమ్మాయిని సముద్రం పక్కన ఒక చిన్న ఊరికి ఇచ్చాం. అల్లుడికి అక్కడ రొయ్యల చెరువుల దగ్గర పని. ఆ ఊళ్లో నడక సంఘంవాళ్లు ఏటా చలికాలంలో ఒక పరుగు పెడతారు. సముద్రం వెంబడి రోడ్డు మీద పది కిలోమీటర్లు. వయసుతో పని లేదు, ఎవరైనా రావచ్చు, గంటన్నరలో చేరాలి. పోయినేడు అమ్మాయి ఫోన్ చేసి "నాయనా, నీ పేరు రాయించినా" అంది. నన్ను అడగనే లేదు. తల్లి గుణం ఎక్కడికి పోతుంది.

పోయినేటి సంగతి చెప్పకుండా ఈ ఏటి సంగతి చెప్పలేను. ఆ పరుగులో అందరికంటే వెనక ఒక చిన్న బస్సు వస్తుంది. కాళ్లు పట్టేసినవాళ్లనూ, ఇంక మావల్ల కాదన్నవాళ్లనూ ఎక్కించుకోవడానికి. దానికి ఒకటే నియమం. బస్సు మిమ్మల్ని దాటిపోతే మీ పరుగు అయిపోయినట్టే. ఈ మాట మైకులో రెండుసార్లు చెప్పారు. నేను నవ్వుకున్నాను. ముప్పై ఏళ్లు నా బస్సు వెంట జనం పరిగెత్తారు. తలమీద కనకాంబరాల గంపతో ఒకామె ప్రతి మంగళవారం పరిగెత్తేది, "ఆపు నాయనా, ఆపు నాయనా" అని. అద్దంలో కనిపించేది. చాలాసార్లు ఆపాను. టైము మించిన రోజుల్లో అద్దం చూడనట్టు పోయాను, అది కూడా నిజమే. ఇప్పుడు బస్సు వెనక ఉంది, నేను ముందు. ఆమె ఉసురు తగిలింది అనుకున్నాను.

అందరూ నన్ను దాటిపోయారు. ఫర్వాలేదు, నా స్టేజీలు నేను లెక్కపెట్టుకుంటున్నాను. ఎనిమిదో కిలోమీటరు రాయి దాటాను. టైము ఇంకా ఉంది, నాకు తెలుసు, గడియారం చూసుకున్నాను. అప్పుడు వెనక హారన్ మోగింది.

నేనేమీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఇది రాసే పనే ఉండేది కాదు. కాళ్లు వాటంతటవే ఎడమ పక్కకు దిగాయి, ఇసకలోకి. ఆగాను. కుడిచేయి పైకి లేచి పో, పో అని ఊపింది. బస్సు నన్ను దాటి పోయింది.

అది పోయాక గానీ నేనేం చేశానో నాకు తట్టలేదు. పది అడుగుల అవతల బస్సు ఆగింది, తలుపు తీశారు. లోపల కూర్చున్న సంఘం మనిషి ఆశ్చర్యంగా అడిగాడు. "అదేంటండీ, మీకింకా టైముందిగా, ఎందుకు తప్పుకున్నారు? అది కుక్క అడ్డమొస్తే కొట్టిన హారను." నియమం నియమమే. ఎక్కి కూర్చున్నాను. ముగింపు గీత దగ్గర మా ఇంటామె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉంది. నేను పరిగెత్తుకుంటూ వస్తానని చూస్తున్న మనిషి ముందు బస్సు మెట్లు దిగాను. సంఘంవాళ్లు మంచివాళ్లు, బస్సులో వచ్చినవాళ్ల మెడలో కూడా పతకం వేశారు. అది ఇంకా మంటగా ఉండింది.

ఊరికి వచ్చేసరికి సంగతి నాకంటే ముందే స్టేజికి చేరింది. "పరుగు పందేనికి పోయి బస్సులో వచ్చినాడంట డ్రైవరన్న." అడిగిన ప్రతివాడికీ నేను చెప్పుకోలేను కదా. చెప్పకపోయినా నవ్వుతారు. చెబితే ఇంకా నవ్వుతారు. మా ఇంటామె ఆ పతకాన్ని క్యాలెండరు మేకుకు తగిలించింది. నేను దాన్ని గోడవైపు తిప్పాను. ఆమె మళ్లీ ఇటు తిప్పింది. నేను మళ్లీ అటు తిప్పాను. నాలుగు రోజులు అట్లా జరిగాక ఆమె ఊరుకుంది. సంవత్సరమంతా అది గోడను చూస్తూనే ఉంది.

నా పట్టుదల అంతా ఆ పతకం మీదే. మొదటివాడిగా రావాలని కాదు, ఆ పిచ్చి నాకు లేదు. అరవై నాలుగేళ్లు నాకు. మోకాళ్లలో ఎన్ని పరుగులు మిగిలి ఉన్నాయో చెప్పలేను. ఒక్కసారి, నా కాళ్ల మీద, బస్సు ముందర, ఆ గీత దాటాలి. అంతే. అంతకంటే ఒక్క అంగుళం ఎక్కువ అడగలేదు.

అందుకని ఈ ఏడంతా పరుగుకంటే హారన్ కోసం ఎక్కువ తయారయ్యాను. నా రూట్లో పాత దోస్తు ఒకడు ఇంకా బండి నడుపుతున్నాడు. అతన్ని అడిగాను, వెనక నుంచి వచ్చి హారన్ కొట్టు, నేను దిగకుండా పరిగెత్తుతాను, నేర్చుకోవాలి అని. అతను సరే అన్నాడు. మరుసటి రోజు వెనక వచ్చి కొట్టాడు. నేను దిగాను. ఆ మరుసటి రోజూ దిగాను. మూడో రోజు పళ్లు బిగబట్టుకొని, దిగకూడదు, దిగకూడదు అని అనుకుంటూనే దిగాను. బస్సులో జనం కిటికీల్లోంచి తలలు పెట్టి చూస్తున్నారు. దోస్తు బ్రేకు వేసి తల బయటపెట్టాడు.

"అన్నా, నాకు టైమయితాండాది. నువ్వు దిగుతానే ఉంటావు. ఇది అయ్యేది కాదు, వదిలేయన్నా."

చెవుల్లో దూది పెట్టుకొని చూశాను. దూదిలోంచి కూడా వినపడింది. ఒక రోజు ఇంటికి వచ్చి, బూట్లు విప్పకుండానే వసారాలో కూర్చొని, నావల్ల కాదు అని మా ఇంటామెతో అన్నాను. ఆమె అప్పుడు వాకిట్లో చెనిక్కాయలు ఆరబోసి కాకులను తోలుతోంది. ఆమె చప్పట్లు కొడితే పేటలో కాకులన్నీ లేచిపోతాయి, అరచేతులు అట్లాంటివి. రెండు చప్పట్లు కొట్టి, నావైపు చూడకుండానే అంది.

"హారను కొడితే గదా నువ్వు దిగేది. కొట్టకపోతే?"

"కొట్టకుండా ఎట్లుంటాడు మే? రోడ్డన్నాక కుక్క వస్తాది, ఆటో వస్తాది."

ఆమె మళ్లీ కాకులను తోలింది. ఆ మాట అక్కడితో అయిపోయిందనుకున్నాను.

పరుగుకు రెండు రోజుల ముందే అమ్మాయి ఇంటికి చేరాం. మా ఇంటామెకు ఆ సముద్రం అంటే పెద్ద గౌరవం లేదు. ఒడ్డున నిలబడి కొంగు సర్దుకుంటూ "ఇన్ని నీళ్లుండి ఏం లాభం, సంగటికి ఎసరు పెట్టను గూడా పనికిరావు" అంది. నాకు నచ్చనిది అక్కడి చెమట. మా వైపు చెమట పట్టిందీ ఆరిందీ ఒకటే, చొక్కా మీద ఉప్పు మాత్రం మిగులుతుంది. అక్కడ ఆరదు. నిలబడితే కూడా కారుతుంది. ఆ తేమలో పరిగెత్తితే తడి గోనెసంచి వీపున వేసుకున్నట్టు ఉంటుంది.

పరుగు రోజు పొద్దున చొక్కా మీద నంబరు కాగితం పిన్నులతో గుచ్చుతూ మా ఇంటామె ఒకే మాట అంది.

"నువ్వు ముందుకు సూడు. ఎనక్కి సూడొద్దు. ఏమి?"

"నువ్వు యాడుంటావు? గీత తావనేనా?"

"పోయినేడు ఆ కుర్చీలో కూసోని నడుము పట్టింది. ఈతూరి ఆడ కూసోను. నా సంగతి ఏమిటికి, నీది సూసుకో."

అమ్మాయితో ఇంటికి పోతుందేమో అనుకున్నాను. కొంచెం బాధపడ్డాను కూడా. మళ్లీ బస్సు దిగి వస్తే చూడలేకపోతుందేమో అనిపించింది. అడగలేదు.

వెలుగు వచ్చే వేళకు మొదలుపెట్టారు. వందమందికి తక్కువే ఉంటారు. కాలేజీ పిల్లలు బాణాల్లాగా పోయారు. చేపల సంతలో పనిచేసే ఆడవాళ్లు నలుగురు చీరలు ఎగ్గట్టుకొని, కబుర్లు చెప్పుకుంటూ నన్ను దాటిపోయారు. సరుగుడు తోటలు, ఆ తర్వాత రొయ్యల చెరువులు, ఆ తర్వాత రోడ్డు మీదే పరిచి ఆరబెట్టిన చేపలు. వాసన గుప్పుమంది. నేను స్టేజీలు లెక్కపెట్టుకున్నాను. మా ఊరి స్టేజి, గుడిసెల స్టేజి, కంకర మిల్లు, చింతతోపు. సముద్రం పక్కన పరిగెత్తుతూ కుందుర్పి రూట్లో పోతున్నాను నేను. సగం దూరానికి ఒంటరివాణ్ణయ్యాను. ఏడో రాయి దగ్గర వెనక ఇంజను వినపడింది.

ముప్పై ఏళ్లు ఇంజను విన్నవాడికి వెనక్కి తిరిగి చూడాల్సిన పని లేదు. చిన్న బస్సు, రెండో గేరులో ఈడుస్తున్నాడు, క్లచ్చు కొంచెం జారుతోంది. పది పదిహేను అడుగుల వెనక. నా వీపు బిగుసుకుపోయింది. ఇప్పుడు కొడతాడు, ఇప్పుడు కొడతాడు అని మెడ నరాలు లాగుతున్నాయి. నాకు నా మీద నమ్మకం లేదు. కొడితే దిగుతానని నాకు తెలుసు. దేవుణ్ణి అడిగాను. కాళ్లకు బలం ఇమ్మని కాదు, ఆ డ్రైవరు చేయి హారన్ మీదికి పోకుండా చూడమని. ఇంత చిన్న కోరిక ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు.

పోయినేడు నేను దిగిన ఎనిమిదో రాయి వచ్చింది. సరిగ్గా అక్కడ, రోడ్డు పక్క నుంచి రెండు కుక్కలు ఒకదాన్నొకటి తరుముకుంటూ నా వెనక్కి పరిగెత్తాయి. అయిపోయింది, ఇప్పుడు కొట్టక తప్పదు అనుకున్నాను. కళ్లు మూసుకున్నాను. వెనక నుంచి చప్పట్లు వినపడ్డాయి. ఠప్, ఠప్ అని రెండు. కళ్లు తెరిచేసరికి కుక్కలు నా పక్క నుంచి ఇసకలోకి పారిపోతున్నాయి.

హారన్ రాలేదు. చప్పట్లు వచ్చాయి. ఎవరో దారిన పోయేవాళ్లు నన్ను చూసి కొడుతున్నారనుకున్నాను. పెద్దాయన, చివర వస్తున్నాడు, అయినా ఆగలేదు, పాపం అని. ఈ సముద్రం వైపువాళ్లు మంచివాళ్లు అనుకున్నాను. మా స్టేజిలో అయితే సీటుందా అని అడిగేవాళ్లు. కాళ్లు కొంచెం తేలికయ్యాయి.

తొమ్మిదో రాయికి ముందు చేపల గంపలతో ఒక ఆటో సందులోంచి రోడ్డు మీదికి రాబోయింది. మళ్లీ చప్పట్లు, ఈసారి నాలుగైదు. ఆటో ఆగిపోయింది. నేను చెయ్యెత్తి, వెనక్కి చూడకుండానే, ఆ చప్పట్లు కొట్టినవాళ్లకు దండం పెట్టాను. చివర ఒక టీ కొట్టు దగ్గర జనం రోడ్డు మధ్యలో నిలబడి మాట్లాడుకుంటున్నారు. నేను వాళ్లను దాటాను. వెనక మళ్లీ చప్పట్లు. మూడోసారి. ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు ఎవరూ ఒక్క చప్పట కొట్టలేదు. ఒక్కపూటలో మూడుసార్లు.

గీత కనిపించింది. రంగు కాగితాలు కట్టిన రెండు వెదురు గడలు, వాటి మధ్య ముగ్గుపిండితో గీసిన గీత. సంఘంవాళ్లు గడియారం పట్టుకొని నిలబడ్డారు. నేను దాటాను. ఇంకా రెండు నిమిషాలు మిగిలి ఉన్నాయని ఎవరో అరిచారు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని వంగి నిలబడ్డాను. చెమటా కన్నీళ్లూ ఒకేచోట కారుతున్నాయి, ఏది ఏదో తెలియలేదు, ఆ ఊళ్లో ఏదీ ఆరదు కదా. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా లేదు.

అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు పక్కన, ముందు సీట్లో, కిటికీలోంచి మోచేయి బయటపెట్టి మా ఇంటామె కూర్చొని ఉంది. ఒళ్లో బొరుగుల పొట్లం.

ఆమె మెట్లు దిగింది. పోయినేడు నేను దిగిన మెట్లే. వెనక డ్రైవరు కూడా దిగి, నవ్వుతూ నా దగ్గరికి వచ్చాడు.

"బాబాయ్ గారూ, ఈవిడ మామూలు మనిషి కాదండీ. బయలుదేరే ముందే ఎక్కి నా పక్కన కూర్చున్నారు. దారి పొడుగునా నన్ను హారన్ కొట్టనిస్తేగా. మూడుసార్లు చెయ్యెత్తాను, మూడుసార్లూ చెయ్యి పట్టుకున్నారు. అడ్డమొచ్చినవాటిని నేను తోలతాను ఆగు అని కిటికీలోంచి తల బయటపెట్టి ఆవిడే చప్పట్లు కొట్టారు."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నలభై ఏళ్లుగా మా వాకిట్లో వింటున్న చప్పట్లు అవి. కాకులు కూడా గుర్తుపడతాయి. నేను గుర్తుపట్టలేదు. జనం తన కోసమే చప్పట్లు కొడుతున్నారనుకున్న మనిషి, అవి ఎవరి చేతులని అడగడు.

"నాకు కొడతాండారనుకుంటి మే" అన్నాను.

"నీకు గాదు. కుక్కలకు."

"దండం గూడా పెట్టినా."

"సూసినా" అంది ఆమె. పొట్లం నా చేతికిచ్చింది. "తిను. మొగం సూడు ఎట్లయిందో."

నా గుణం కొద్దీ ఒక్క క్షణం కోపం కూడా వచ్చింది. ఇంతకీ ఇది నేను పరిగెత్తిన పరుగేనా, నా కోసం బస్సును వెనకే ఆపి పట్టుకుంటే వచ్చిందా అని డ్రైవర్ని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. బస్సును ఎవరూ పట్టుకోలేదనీ, టైము దాటితే తను ఎవరి మాటా వినేవాణ్ణి కాననీ, రెండు నిమిషాల ముందు వచ్చింది నా కాళ్లేననీ చెప్పాడు. ఆమె పట్టుకున్నది హారన్ మీది చేతిని మాత్రమే. అది విన్నాక నా మనసు కుదుటపడింది. సంఘంవాళ్లు పతకం వేశారు. పోయినేటిదీ దీనిదీ ఒకే అచ్చు, ఒకే తాడు. ఆమె దాన్ని చేత్తో పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీన్ని గోడపక్కకు తిప్పితే ఊరుకునేది లేదు. చెప్తాండా" అంది.

అమ్మాయి ఇల్లు అక్కడికి దగ్గరే. నడిచిపోదాం అన్నాను, కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయని. ఇద్దరం సముద్రం రోడ్డు మీద మెల్లగా బయలుదేరాం. ఎండ పైకి వచ్చింది. పరుగుకు వచ్చిన జనం వెళ్లిపోయారు, రోడ్డు ఖాళీ అయింది. నేను బొరుగులు తింటూ, ఎనిమిదో రాయి దగ్గర నా గుండె ఎట్లా కొట్టుకుందో చెబుతూ నడుస్తున్నాను. ఆమె వింటోందో లేదో తెలియదు. అప్పుడు వెనక హారన్ మోగింది.

అదే బస్సు. పని అయిపోయి తిరిగిపోతోంది. నా కాళ్లు అప్పుడే సగం ఎడమకు తిరిగాయి. ఆపుకొని, రోడ్డు మధ్యలోనే నిలబడి, ఆమె వైపు చూశాను. హారన్ మళ్లీ మోగింది.

"ఇంకేంటికి నిలబడతావు? ఇప్పుడు సైడియ్యి" అంది.

ఇసకలోకి దిగాను. కుడిచేయి ఎత్తి పో, పో అని ఊపాను. ముప్పై ఏళ్లలో అంత నిండు మనసుతో ఎవరికీ సైడివ్వలేదు. డ్రైవరు కిటికీలోంచి చెయ్యి చూపించి, దాటి పోయాడు. దుమ్ము లేచింది, అణిగింది.

నా వెనక చప్పట్లు వినపడ్డాయి. ఠప్, ఠప్ అని రెండు. తిరిగి చూశాను. ఆమె రోడ్డు పక్కన నిలబడి ఉంది. కుక్కల కోసం చుట్టూ వెతికాను. ఆ రోడ్డు మీద, చూపు ఆనినంత మేర, ఒక్క కుక్క కూడా లేదు.